పాదాలకు వినిపించే స్టేజీ

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో గుర్తుందిగా. వినికిడి లేని పిల్లల బడిలో పాత సభామందిరాన్ని బాగుచేస్తున్నారు. స్టేజీ మీది చెక్కలు పీకేసి కాంక్రీటు పోయించాలని, పైన మెత్తటి తివాచీ పరిపించాలని కమిటీ ప్రెసిడెంటు గారు తీర్మానించారు. ప్లాను గీసిన ఇంజనీరు ఎవరో కాదు, అదే బడిలో నాటకాలు నేర్పే టీచరుకి సొంత అన్నయ్య. పొద్దున్నే కాంక్రీటు లారీ బయల్దేరిందన్న కబురు అందగానే, నాటకం పిల్లలంతా స్టేజీ మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చుని, లేచేది లేదన్నారు. వాళ్ళని సముదాయించాలో, వాళ్ళ పక్కనే చతికిలబడాలో తేల్చుకోలేక టీచరు మెట్ల మీద నిలబడిపోయింది. అక్కడ కదూ మనం వాళ్ళని వదిలి వచ్చింది.

లారీ వచ్చిన సంగతి టీచరుకంటే ముందు పిల్లలకే తెలిసింది. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే అరచేతులు చెక్కలకి ఆనించి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత గానీ ఇంజను మోత ఆమె చెవిన పడలేదు. ఆ వెనకే అన్నయ్య లోపలికొచ్చాడు. చంకలో హెల్మెట్, బూట్లకి ఎర్రమట్టి, మొహాన చిరాకు.

"దింపు వాళ్ళని," అన్నాడు వస్తూనే. "బయట లారీలో మాలు తిరుగుతోంది. ఆలస్యమైతే గట్టిపడి ఊరుకుంటుంది."

"నాతో కాదు అన్నయ్యా, వాళ్ళతో మాట్లాడు. మధ్యలో నేనుండి చెప్తాను."

"వాళ్ళ టీచరువి నువ్వు. నువ్వు చెప్తే వినరూ?"

"స్టేజీ నాది కాదుగా."

అతను ఒక నిట్టూర్పు విడిచి పిల్లల వైపు తిరిగాడు. అందరికంటే ముందు కూర్చున్న పదిహేనేళ్ళ పిల్ల లేచి నిలబడింది. కంటి పక్కన రెండు వేళ్ళు చటుక్కున విప్పితే అది ఆ పిల్ల పేరు. మెరుపు అన్నమాట. బడిలో అందరికీ అలాంటి పేర్లే ఉంటాయి గానీ, ఆ పిల్లకి కుదిరినంతగా మరెవరికీ కుదరలేదు. చేతులు కదిపిందంటే ఎదుటివాళ్ళు రెప్ప వెయ్యడం మరిచిపోవాల్సిందే.

"ఈ స్టేజీని ఎందుకు చంపుతున్నారని అడుగుతోంది," అంది టీచరు.

"చంపడమేమిటి, బంగారంలాంటి హాలు చేసి పెడుతుంటే? గోడలకి మెత్తలు వేయిస్తున్నాను, ప్రతిధ్వని రాకుండా. నాలుగు మూలలా మంచి స్పీకర్లు. స్టేజీ మీద గుసగుసలాడినా చివరి వరసలో వాళ్ళకి స్పష్టంగా అందుతుంది. చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు."

టీచరు చెప్పింది. వెనక నుంచి పొడుగోడు చెయ్యెత్తాడు. ఆ పిల్లాడు డ్రమ్ము వాయిస్తాడు. గుమ్మాలకి తల తగలని రోజుండదు.

"గుసగుస అంటే?"

"చిన్నగా, రహస్యంగా మాట్లాడటం," అంది టీచరు చేతులతోనే.

"మేం రహస్యంగా మాట్లాడితే ఇట్లా," అని పొడుగోడు రెండు చేతులూ పొట్ట దగ్గరికి తెచ్చుకుని, వేళ్ళ కొసలు మాత్రం ఆడించాడు. "ఇది చివరి వరసకి ఎలా అందుతుందో కూడా గీశారా?"

టీచరు ఆ ప్రశ్నని మాటల్లో పెట్టేలోపే పిల్లలంతా నవ్వేశారు. ఆ నవ్వుతో అన్నయ్యకి తిక్క రేగింది. తనని చూసి ఎవరైనా నవ్వితే భరించలేడు, చిన్నప్పటి నుంచీ అంతే.

"వినపడని వాళ్ళకి నేల చెక్కదైతేనేం, రాయిదైతేనేం? పనీపాటా లేక కూర్చున్నారు. దిగమను."

టీచరు చేతులు ఒక్క క్షణం గాల్లో ఆగిపోయాయి. ఆ మాట ఆ మొహాల మీద ఎలా విసరడం? "రాతినేల గట్టిగా ఉంటుంది, మీకే మంచిదంటున్నారు," అని మార్చి చెప్పింది.

"నేనలా అనలేదు."

అన్నయ్య గొంతు అది. టీచరు గతుక్కుమంది. సంజ్ఞలు అతనికి అర్థమవుతాయని ఆమెకి తెలియక కాదు, ఎన్నడూ బయటపడడని ధీమా. వాళ్ళమ్మకి పుట్టుకతోనే వినపడదు. అన్నాచెల్లెళ్ళిద్దరికీ చేతులే మొదట వచ్చాయి, నోళ్ళు తర్వాత. అన్నయ్యకి పదేళ్ళప్పుడు ఒక సాయంత్రం బస్టాపులో అమ్మతో మాట్లాడుతుంటే, తోటి క్లాసు పిల్లలు ఎదురుగా నిలబడి కోతుల్లా చేతులూపుతూ వెక్కిరించారు. ఆ పూట జేబుల్లో పెట్టిన చేతులు అతను మళ్ళీ తియ్యలేదు. అమ్మ చెప్పేదంతా చూస్తాడు, తలాడిస్తాడు, జవాబు మాత్రం కాగితం మీద రాసి చూపిస్తాడు. ఇప్పటికీ అంతే.

"నా మాట మార్చడానికి నువ్వెవరు?" అన్నాడు. "తిట్టినా నా తిట్టు నాదే ఉండాలి."

హెల్మెట్ కుర్చీలో పడేశాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

పిల్లలు బిగుసుకుపోయారు.

"మీకు వినపడదు," అన్నాడు చేతులతో. "నేల ఎందుకు?"

అంతే. అంత పొట్టి వాక్యం. ఆ చేతులకి అంతకుమించి రాదు, పదేళ్ళ వయసు దగ్గరే చదువు మానేసిన చేతులవి. నలభై దగ్గర పడుతున్న మనిషి, అంత భారీ విగ్రహం, పసిపిల్లాడిలా ముద్దుముద్దుగా సంజ్ఞలు చేస్తుంటే టీచరు చూపు తిప్పుకోలేకపోయింది. అందులోనూ "నేల" అనడానికి అతను గుడ్డతో తుడుస్తున్నట్టు చెయ్యి ఊపాడు. అది వాళ్ళింటి మాట, అమ్మ పుట్టించిన మాట. బయట ఎవరికీ తెలియదు.

మెరుపు కనుబొమలు ముడేసింది. "తుడవడమా? ఏం తుడవాలి?"

"తుడవడం కాదు." అన్నయ్య కాలితో చెక్కని తట్టి చూపించాడు. "ఇది."

"ఓ, నేల." మెరుపు అరచెయ్యి బోర్లించి చదునుగా జరిపింది. "నేలంటే ఇలా అనాలి. చెయ్యండి."

అతను చేశాడు.

"మణికట్టు వదులుగా పెట్టండి."

మళ్ళీ చేశాడు. అప్పటికి గానీ తను పోట్లాడటానికొచ్చి పాఠం చెప్పించుకుంటున్నానని అతనికి తట్టలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ చేతులు జేబుల్లోకి పోలేదు. టీచరు అది చూసింది, చూసీ చూడనట్టు ఊరుకుంది.

"నేల ఎందుకని అడిగారు," అంది మెరుపు, ఇప్పుడు కావాలనే నెమ్మదిగా. "బూట్లు విప్పండి."

"ఎందుకు?"

"విప్పండి."

అతను చెల్లెలి వైపు చూశాడు. ఆమె భుజాలెగరేసి, "నాకేం తెలుసు, మీరూ మీరూ చూసుకోండి," అంది నోటితో.

అతను బూట్లు, మేజోళ్ళు విప్పి స్టేజీ ఎక్కాడు. ఎక్కుతూనే, కుడివైపు కూర్చున్న పిల్లల్ని ఎడమకి జరగమని సైగ చేశాడు. వాళ్ళెందుకని అడిగితే, "తర్వాత చెప్తాను, ముందు జరగండి," అన్నాడు. జరిగారు. మెరుపు అతన్ని పొడుగోడికి వీపు చేసి నిలబెట్టి, పొడుగోడి వైపు తల ఊపింది. పొడుగోడు పెద్ద డ్రమ్ముని చెక్కల మీద బోర్లా ఆనించి ఒక దెబ్బ వేశాడు.

చెవులున్న మనిషికి డ్రమ్ము దెబ్బ కొత్తేమీ కాదు. అందుకే మెరుపు తన రెండు చేతులతో అతని చెవులు గట్టిగా మూసింది. "కళ్ళు కూడా మూసుకో అన్నయ్యా," అని టీచరు కింది నుంచి సైగ చేసింది.

రెండో దెబ్బ పడింది. మూడోది. తర్వాత వరస.

అన్నయ్య మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత కాలి వేళ్ళు కదిలాయి. దెబ్బ దెబ్బకీ మడమల నుంచి పిక్కల్లోకి, పిక్కల నుంచి మోకాళ్ళలోకి ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టుంది. పొడుగోడు వేగం పెంచితే వేగంగా, ఆపితే ఆగి. తర్వాత స్టేజీ అవతలి కొస నుంచి ఇంకెవరివో చిన్న చిన్న అడుగులు తన వైపు పరిగెత్తుకొస్తున్నట్టు తెలిసింది. కళ్ళు తెరిచాడు. అందరికంటే చిన్న పిల్ల, రెండు జడలది, అతని ముందుకొచ్చి ఠక్కున ఆగి ఇకిలించింది.

"వస్తోందని నాకు తెలిసింది," అన్నాడు నోటితో, అనుకోకుండా. "చూడకుండానే తెలిసింది."

టీచరు అది పిల్లలకి చెప్పింది. ఈసారి ఒక్క ముక్క కూడా మార్చలేదు.

"డాన్సులో మా వెనక ఎవరున్నారో, ఎప్పుడు తిరగాలో మాకు ఈ నేలే చెప్తుంది," అంది మెరుపు. "కాంక్రీటు ఏమీ చెప్పదు. దాని మీద తివాచీ కూడా వేస్తే, మాకు నోట్లో గుడ్డలు కుక్కినట్టే."

అంతటితో అన్నయ్యని మెరుపు వదిలిందా అంటే, లేదు. పనివాళ్ళు గోడలు తొలిచేటప్పుడు చెవులకి పెట్టుకునే మూతలు గుమ్మం దగ్గర వేలాడుతుంటే తెచ్చి అతని తలకి తొడిగింది. హాల్లో వెనక వరసలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, ఇద్దరు పిల్లల్ని అతని ముందు కుర్చీల్లో పెట్టింది. స్టేజీ మీదికి తిరిగెళ్ళి, మిగతావాళ్ళతో కలిసి నాటకంలో ఒక ముక్క మొదలుపెట్టింది.

అతను కాసేపు బుద్ధిగా చూశాడు. తర్వాత మెడ ఎడమకి వంచాడు. తర్వాత కుడికి. పైనున్న బల్బు వెలుగు నడినెత్తిన పడి పిల్లల మొహాలు నీడలో మునిగిపోయాయి. వెనక పూలపూల తెర మీద వాళ్ళ వేళ్ళు ఏవో, పూలరెక్కలు ఏవో తేడా తెలియడం లేదు. ముందు కూర్చున్నవాడి తల సరిగ్గా మెరుపు చేతులకి అడ్డం. అతను లేచి నిలబడ్డాడు, పక్కకి జరిగాడు, ఆఖరికి కుర్చీ ఎక్కాడు.

"కనపడి చావడం లేదు," అని అరిచాడు. చెవులకి మూతలున్నాయి కాబట్టి తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియలేదు. బయట లారీ డ్రైవరు కిటికీలోంచి తొంగిచూశాడు.

మెరుపు ఆట ఆపి, స్టేజీ అంచున నిలబడి పెద్దగా, స్పష్టంగా చేతులు కదిపింది. "మేం ఈ హాల్లో ఇన్నేళ్ళుగా చూస్తున్న నాటకం ఇదే."

ఇక అక్కడి నుంచి అన్నయ్యని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఎవరో మంచి చిక్కులెక్క ఇచ్చినట్టు అతని కళ్ళు వెలిగాయి. చెవి మూతలు మెడలోకి జారవిడిచి, జేబులోంచి సుద్దముక్క తీసి నేల మీద మోకాళ్ళేశాడు. కుర్చీలు వరసగా కాదు, చంద్రవంకలా గీశాడు. అప్పుడు ప్రేక్షకులు కూడా ఒకరి చేతులు ఒకరు చూసుకోవచ్చు. ఒక్కో వరస కింద ఒక్కో మెట్టు వేశాడు. మెట్టు ఎత్తు చాలదని రెండు జడల పిల్ల అతని వెనక కూర్చుని నిరూపించింది. దాన్ని చెరిపి ఇంకా ఎత్తు చేశాడు. దీపాలు నడినెత్తి నుంచి ముందుకి తెచ్చాడు. పూలతెర బదులు నల్లటి తెర అని రాశాడు. తెర పక్కన నిలబడి తమ వంతు కోసం చూసేవాళ్ళకి ఏదైనా గుర్తు కావాలని మెరుపు అంటే, "చిన్న దీపం పెడితే?" అన్నాడు.

"ఏ రంగు?"

"మీరే చెప్పండి."

ఆ మాట మీద పిల్లల్లో పెద్ద గొడవ. ఆకుపచ్చని కొందరు, నీలమని కొందరు. చేతులు విసనకర్రల్లా ఆడుతున్నాయి. మధ్యలో అన్నయ్య, సుద్దపొడితో తెల్లబడ్డ వేళ్ళతో, వచ్చీరాని మాటలతో, తనూ ఆ గొడవలోనే. నిశ్శబ్దంగా ఉన్న ఆ హాల్లో అంత రభస ఎన్నడూ చూడలేదనుకుంది టీచరు.

"అయితే చెక్కలు తియ్యరుగా?" అంది మెరుపు.

అన్నయ్య సుద్ద పక్కన పెట్టాడు. లేచి స్టేజీ కుడివైపు ఒక పలక ఎత్తాడు. కింది దూలంలోకి పెన్ను గుచ్చితే, వెన్నలో దిగినట్టు సగం దాకా దిగింది. పెన్ను బయటికి లాగితే పొడి రాలింది.

"చెదలు," అన్నాడు. ఆ సంజ్ఞ రాక, వేళ్ళతో కొరుకుతున్నట్టు చూపించాడు. అందరికీ అర్థమైంది. "అందుకే జరగమన్నాను. అటుపక్క ఇంకా పాకలేదు. ఇటు ఎవరూ రాకూడదు." పలక పక్కన అడ్డంగా లావుపాటి గీత గీశాడు.

పిల్లల చేతులు ఒళ్ళోకి దిగిపోయాయి. మెరుపు ఆ పొడిని అరచేతిలో పోసుకుని చూసింది. తర్వాత అది దులిపేసి, "ఇది పోతే ఇంక మాకు ఇలాంటిది రాదు," అంది.

"ఇది పోవాల్సిందే. అబద్ధం చెప్పను," అన్నాడతను. "కానీ కాంక్రీటు రాదు. కొత్త దూలాలు, కొత్త పలకలు. కింద ఇంత ఎత్తున ఖాళీ వదులుతాను. అప్పుడు నేలే డ్రమ్ము. మీరు ఇక్కడ తడితే చివరి వరసలో కుర్చీ కాళ్ళకి కూడా తెలియాలి. తెలియకపోతే నన్ను పిలిచి మళ్ళీ బూట్లు విప్పించు."

మెరుపు అతని కళ్ళలోకి చూసింది. తర్వాత చెయ్యి చాచింది. అతను ఆ చేతిని కాస్త గట్టిగానే ఊపాడు. పొడుగోడు ఆనందం పట్టలేక డ్రమ్ము మీద ఎడాపెడా వాయించేశాడు.

ఇంతలో లారీ డ్రైవరు గుమ్మంలోకొచ్చాడు. "సార్, మాలు పొయ్యాలా, నన్ను పొమ్మంటారా? లారీ కడుపులో గట్టిపడితే మా ఓనరు నా ప్రాణం తీస్తాడు."

అన్నయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. టీచరు అందుకుంది. "హాస్టలు నుంచి భోజనాల గదికి వెళ్ళే దారంతా గుంటలే. వానొస్తే పిల్లలు మోకాళ్ళ లోతు బురదలో నడుస్తున్నారు. అక్కడ పోయించు అన్నయ్యా."

"ప్రెసిడెంటు గారు ఏమంటారో."

"దారి బాగుపడితే ఎవరైనా ఏమంటారు?"

"అయితే ఆ దారిలో పొయ్యి," అన్నాడు డ్రైవరుతో. చెల్లెలి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏమే, అమ్మ నాటకం ఎప్పుడైనా చూసిందా?"

"ఎవరు తీసుకెళ్ళారు, చూడటానికి?"

అతను తల దించుకుని మేజోళ్ళు వెతుక్కోబోయాడు. టీచరు ఇంకేదో అనబోయింది. అప్పుడే గుమ్మంలో ప్రెసిడెంటు గారి గొంతు వినపడింది.

చేతులు వెనక్కి కట్టుకుని, పొట్టని ముందు నడిపిస్తూ ఆయన లోపలికొచ్చారు. వెంట ఇద్దరు పెద్దమనుషులు. నేల మీది సుద్దగీతల్ని తొక్కుకుంటూ హాలు మధ్యకి వచ్చి నిలబడ్డారు.

"ఇదేనండీ హాలు. పని పూర్తయితే చూడండి, సూది పడినా వినపడుతుంది. వీరే మన ఇంజనీరు గారు." తర్వాత అన్నయ్యతో, "వీళ్ళది సంగీత కచేరీలు పెట్టే సంఘం. హాలు చూసుకుంటారని తీసుకొచ్చాను. సాయంత్రాలన్నీ వీళ్ళకే ఇస్తున్నాం," అన్నారు.

"ఆ సంగతి నాకు చెప్పలేదే," అన్నాడు అన్నయ్య.

"మీకు చెప్పాల్సిన పనేముందండీ? చప్పుడు బాగా రావాలన్నాం, మీరు బ్రహ్మాండంగా గీశారు."

"మరి పిల్లలు?"

"ఏడాదికోసారి వార్షికోత్సవం చేసుకుంటారు. వాళ్ళకి అంతకంటే ఏం కావాలి?"

వినపడని పిల్లల హాలుకి స్పీకర్లెందుకో, గోడలకి మెత్తలెందుకో టీచరుకి ఇన్నాళ్ళకి అర్థమైంది. అన్నయ్య వైపు చూసింది. అతని మొహం పాలిపోయి ఉంది. వచ్చిన ఇద్దరిలో ఒకాయన గోడల వైపు తలెత్తి, ప్రతిధ్వని ఎలా ఉందో చూడ్డానికి రెండుసార్లు గట్టిగా చప్పట్లు కొట్టాడు. రెండో ఆయనా కొట్టాడు.

మెరుపు టీచరు భుజం తట్టింది. "నాటకం ఇంకా మొదలే కాలేదుగా. వాళ్ళు చప్పట్లు ఎందుకు కొడుతున్నారు?"

టీచరు చెప్పింది. కచేరీల సంగతి, సాయంత్రాల సంగతి, ఏడాదికోసారి అన్న మాటతో సహా.

మెరుపు కళ్ళు ఎర్రబడలేదు, చిత్రంగా ఇంకాస్త వెలిగాయి. పిల్లల వైపు తిరిగి, "చప్పట్లు కొట్టేశారు. ఇక మనం ఆడకపోతే బాగోదు," అంది. పొడుగోడు డ్రమ్ము దగ్గరికి దూకాడు. మిగతావాళ్ళు గీతకి ఇవతల రెండు పక్కలా నిలబడ్డారు. మొదటి దెబ్బ పడింది. మెరుపు చేతులు వెనక్కి కట్టుకుని, లేని పొట్టని ముందుకి తోసి, స్టేజీ మీద ఇటు నుంచి అటు హుందాగా నడిచింది. కచేరీ పెద్దమనుషుల్లో ఒకాయన కిసుక్కుమని నవ్వి, వెంటనే దగ్గు నటించాడు.

అది వాళ్ళు రిహార్సల్ చేసిన నాటకం కాదు. అలాంటి నాటకం ఒకటుందని టీచరుకే తెలియదు.

మెరుపు నడక ఆపి, సరాసరి ప్రెసిడెంటు గారి వైపు వేలు చూపించి, గబగబా ఏదో అంది.

"ఏమంటోందమ్మా ఆ పిల్ల?" అన్నారాయన టీచరుతో.

టీచరు నోరు తెరిచేలోపే అన్నయ్య వట్టి కాళ్ళతో వెళ్ళి స్టేజీ ఎక్కాడు. మెరుపు పక్కన నిలబడ్డాడు.

"నేను చెప్తానండీ," అన్నాడు. "ఈ హాలు ఎవరిదని మిమ్మల్ని అడుగుతోంది. మీరే పైకొచ్చి, ఇక్కడ నిలబడి జవాబు చెప్పాలట." ఒక్క క్షణం ఆగి మెరుపు చేతుల వైపు చూశాడు. "నోటితో కాదట. చేతులతో."